దిండు కింద కత్తి కాదు, చేతికందేలా టార్చి పెట్టుకోండి

ఈసారి పోస్టు మిర్చి రేటు గురించి కాదు, నల్లి గురించి కాదు. కాస్త పొడుగ్గానే ఉంటుంది. తీరిగ్గా చదవండి, ఇంట్లో ఆడవాళ్లకు కూడా చదివి వినిపించండి.

పోయిన నెల మా కాలవ పక్క పొలాల్లో రెండు మోటార్ల కేబుళ్లు కోసుకుపోయారు. అది జరిగిన వారానికే పక్క ఊళ్లో ఒక పెద్దావిడ మెళ్లో నానుతాడు తెంపుకుపోయారు. బండి మీద వచ్చి మంచినీళ్లు అడిగారంట. పాపం ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తుంటే లాగేశారు. మెడ కోసుకుపోయింది, ఐదు కుట్లు పడ్డాయి.

దాంతో మా ఊళ్లో రామాలయం అరుగు మీద మీటింగు పెట్టారు. కుర్రాళ్లంతా కలిసి మనిషికి పదిహేను వందలు వేసుకుని ఆన్‌లైన్‌లో సామాను తెప్పిద్దాం అన్నారు. మడత ఇనప కడ్డీ, బొత్తాం నొక్కితే బయటికొచ్చే కత్తి, షాక్ కొట్టే టార్చి. ఇరవై మంది పేర్లిచ్చారు. నేను వద్దన్నా. "బాబాయికి వయసైపోయింది, భయపడుతున్నాడు" అని నవ్వారు. నవ్వితే నవ్వారు. అక్కడ నేను సరిగ్గా చెప్పలేకపోయిన మాటే ఇక్కడ రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్తా. ఇది మా ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఎనిమిదేళ్ల కిందట, మార్చి నెల. కల్లంలో కాయ ఆరబోసి ఉంది. ఆ ఏడు కల్లాల్లో దొంగలు పడుతున్నారని రోజూ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. నేను మంచం వేసుకుని కాపలా పడుకున్నా. మంచం పక్కన గొడ్డలి, తలవైపు టార్చి. రాత్రి రెండింటప్పుడు పట్టా గరగరలాడిన చప్పుడైంది. లేచా. ఎవరో వంగి పట్టా లాగుతున్నారు. ఎవరని అడగలా. లైటు వెయ్యలా. గొడ్డలి ఎత్తి దించా.

"బాబాయ్ నేను!" అన్నాడు.

మా అన్న కొడుకు. మబ్బు పట్టిందని, నాలుగు చినుకులు పడేసరికి కాయ తడుస్తుందని, నన్ను లేపడం ఎందుకని పట్టా కప్పడానికి వచ్చాడు. ఆ అరుపుకి చెయ్యి కాస్త పక్కకు పోయింది. గొడ్డలి మంచం పట్టెలో దిగింది. జానెడు ఇటు పడితే వాడి మెడ.

వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. సంక్రాంతికి మా ఇంటికే వస్తారు. ఆ మంచం ఇంకా నా దగ్గరే ఉంది, గాటు అలాగే ఉంది, బాగు చేయించలేదు. ఆ రోజు టార్చి కూడా నా పక్కనే ఉంది, అది మీరు గమనించండి. చీకట్లో ఉలిక్కిపడి లేచిన మనిషి ఆలోచించడు. చేతికి ఏది ముందు అందితే అది ఎత్తుతాడు. అందుకని నేను చెప్పేది ఒక్కటే. మన రక్షణ కోసం ఏం కొనాలి అనే ముందు, అర్ధరాత్రి నిద్రమత్తులో మన చేతికి ముందు ఏది అందాలి అని ఆలోచించండి.

నా లెక్కలో వరస ఇదీ.

మొదటిది వెలుతురు. మంచి చార్జింగ్ టార్చి రెండు కొనండి. ఒకటి చేతిది, ఒకటి తలకు కట్టుకునేది. తలకు కట్టుకునేది ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, స్టార్టరు డబ్బా దగ్గర పని చేసుకోవచ్చు, కర్ర పట్టుకోవచ్చు. చప్పుడు వినపడితే ముందు లైటు మొహం మీద వేసి, దూరం నుంచే "ఎవరదీ?" అని గట్టిగా అడగండి. మనవాడైతే పేరు చెప్తాడు. దొంగైతే పరిగెత్తుతాడు. రాత్రిపూట కళ్లలో లైటు పడ్డ మనిషికి కాసేపు ఏమీ కనపడదు. ఆ కాసేపు మనకు చాలు, వెనక్కి తగ్గడానికైనా, కేకెయ్యడానికైనా.

ఇంటి దగ్గర లైటు విషయంలో మనం చేసే తప్పు ఒకటుంది. లోపల లైటు వేసుకుని బయట చీకటిగా ఉంచుతాం. అప్పుడు బయటివాడికి మనం కనపడతాం, మనకు వాడు కనపడడు. ఇది తిరగెయ్యాలి. వాకిట్లో ఒకటి, దొడ్లో బాత్రూమ్ దారిలో ఒకటి, మనిషి కదిలితే వెలిగే సోలార్ లైట్లు పెట్టండి. కరెంటు పోయినా వెలుగుతాయి. వాటి స్విచ్చి మంచం పక్కనే ఉండే మామూలు బల్బు ఒకటి కూడా ఉంటే ఇంకా మంచిది. చప్పుడైనప్పుడు బయటికి రాకుండానే లైటు వెయ్యొచ్చు.

టార్చికి ఇంకో పని ఉంది. రాత్రి పొలంలో మనల్ని చంపేది దొంగ కంటే ముందు పాము. కట్ల పాము, రక్త పింజరి, నాగుపాము, మూడూ మన గట్ల మీదే తిరుగుతాయి. టార్చి, మోకాళ్ల దాకా గమ్ బూట్లు, నేల మీద తట్టుకుంటూ నడవడానికి ఒక కర్ర, ఈ మూడూ లేకుండా మోటారు దగ్గరికి పోవద్దు. కరిస్తే గాటు పెట్టడం, తాడు బిగించడం, మంత్రం, పసరు ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి పోవడమే.

రెండోది శబ్దం. ఇరవై ముప్పై రూపాయల విజిల్. నవ్వొద్దు. భయంతో గొంతు ఎండిపోయినప్పుడు మనిషి అరవలేడు, నేను చూశా. కానీ ఊదగలడు. పొలంలో అరుపు కంటే విజిల్ దూరం వినపడుతుంది. మెడలో వేసుకోండి, తాళాల గుత్తికి తగిలించండి. ఇంట్లో ముసలివాళ్ల మంచానికి ఒకటి కట్టండి. అయితే విజిల్ ఊదితే ఎవరు రావాలో, ఎన్ని సార్లు ఊదితే ఏమిటో చుట్టుపక్కల నాలుగిళ్లు ముందే అనుకోవాలి. అనుకోకపోతే పిల్లలు ఆడుకుంటున్నారు అనుకుని అటు తిరిగి పడుకుంటారు.

కుక్కను కూడా నేను శబ్దం కిందే లెక్కేస్తా. జాతి కుక్క అక్కర్లేదు, మన ఊరకుక్క చాలు. కరవడం దాని పని కాదు, మొరగడం దాని పని. వేళకు తిండి పెట్టండి, రేబిస్ టీకా మర్చిపోకుండా వేయించండి. గినీ కోళ్లు పెంచేవాళ్లకు తెలుసు, కొత్త మనిషి వచ్చినా పాము కనపడినా అవి గోల గోల చేస్తాయి.

మూడోది కర్ర. అవును, కర్ర ఉండాలి, నేనేం సన్యాసిని కాదు. మా తాత పొన్నుకర్ర లేకుండా గడప దాటేవాడు కాదు. గట్టి వెదురు, కణుపులు దగ్గరగా ఉన్నది, నిలబెడితే మన భుజం దాకా వచ్చేది తీసుకోండి. కత్తి కంటే కర్ర ఎందుకు మేలంటారా? కత్తి వాడాలంటే అవతలివాడి దగ్గరికి పోవాలి. దగ్గరికి పోయామంటే వాడి చేతికి మనమూ అందుతాం. పెనుగులాటలో ఆ కత్తి ఎవరి చేతిలోకి పోతుందో ఎవరూ చెప్పలేరు. కర్ర మనిషిని దూరంగా ఆపుతుంది. కుక్క మీదకొస్తే పనికొస్తుంది, పాముకు పనికొస్తుంది, బురదలో జారకుండా పనికొస్తుంది. కొట్టాల్సి వస్తే కాళ్ల మీద, చేతుల మీద. తల మీద మాత్రం వద్దు. తల మీద ఒక్క దెబ్బ చాలు, వాడి ప్రాణం పోవడానికి, మన బతుకు కోర్టుల చుట్టూ తిరగడానికి.

నాలుగోది తలుపు. దీనికి మనం పెట్టే ఖర్చు చూస్తే నవ్వొస్తుంది. టేకు తలుపుకు పాతిక వేలు పెడతాం, గడియకు వంద రూపాయలు. దాన్ని అంగుళం లేని మరలతో బిగిస్తాం. ఒక్క తన్ను తంతే మరలు ఊడి వస్తాయి. పొడుగు మరలు వేయించండి, పైనా కిందా గడియలు పెట్టించండి. పెద్దవాళ్లు ఇనప అడ్డగడియ ఊరికే పెట్టించుకోలేదు. గడియకు చెయ్యి అందేంత దగ్గర్లో కిటికీ ఉంటే దానికి సన్న జాలీ కొట్టించండి. బయట వేలాడే పెద్ద తాళంకప్ప ఏం చెప్తుందో తెలుసా? ఇంట్లో ఎవరూ లేరు, రండి అని చెప్తుంది. తలుపులోనే బిగించే తాళం వేయించుకుంటే వీధిలో పోయేవాడికి ఇంట్లో మనుషులు ఉన్నారో లేరో తెలియదు.

ఎండాకాలం వస్తోంది. అందరం డాబా మీద పడుకుంటాం. కింద తలుపు దగ్గరగా వేసి పైకి పోతాం. పొద్దున దిగేసరికి బీరువా తెరిచి ఉంటుంది. పైన పడుకున్నా సరే కింద తాళం వెయ్యండి, తాళం పైకి తెచ్చుకోండి. డాబా మెట్లకు గేటు పెట్టించండి. ఇంకోటి, కాయ అమ్మిన డబ్బు, బంగారం ఇంట్లో పెట్టుకుని ఎన్ని కర్రలు కొన్నా లాభం లేదు. డబ్బు బ్యాంకులో, బంగారం లాకర్లో ఉంటే మనం కాపలా కాయాల్సింది మన ప్రాణం ఒక్కటే. తిరుపతి పోతూ బస్సులోంచే వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. దర్శనం చేసుకుని ఇంటికొచ్చాక పెట్టినా స్వామి ఏమీ అనుకోడు.

ఐదోది ఫోను. 112 గుర్తు పెట్టుకోండి. పోలీసు, ఫైరు, అంబులెన్సు అన్నిటికీ అదొక్కటే నంబరు. చాలా స్మార్ట్ ఫోన్లలో పవర్ బొత్తాం వరసగా నొక్కితే అత్యవసర కాల్ పోయేలా ఉంటుంది. బొత్తాల ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే పోవాలని 2017 నుంచి నిబంధన ఉంది. మీ ఫోన్లో ఎలా పని చేస్తుందో ఈరోజే మీ పిల్లలతో చూపించుకోండి. అవసరమైన రాత్రి నేర్చుకోలేం. దానికంటే ముందు పక్కింటివాళ్ల నంబరు ఒక్క నొక్కుతో పోయేలా పెట్టుకోండి. మా స్టేషన్ పద్నాలుగు కిలోమీటర్లు. వాళ్లు ఎంత వేగంగా బయల్దేరినా టైము పడుతుంది. పక్కింటివాడు రెండు నిమిషాల్లో వస్తాడు.

"దొంగ కత్తితో వస్తే నీ టార్చి, విజిల్ ఏం చేస్తాయి?" అని అరుగు మీద అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. గట్టి గడియ వాడిని పది నిమిషాలు ఆపాలి. ఆ పది నిమిషాల్లో లైట్లు వెలగాలి, విజిల్ మోగాలి, నాలుగు ఫోన్లు పోవాలి, మనుషులు రావాలి. నేను చెప్పిన ప్రతి వస్తువూ టైము సంపాదించి పెట్టేదే. అప్పటికీ లోపలికి వచ్చేశాడు అనుకోండి, ఇంట్లో ఒక గదికి లోపల గట్టి గడియ ఉండాలి, అందరూ అందులోకి పోవాలి. బయట ఉన్న టీవీ, బీరువా పట్టుకుపోతే పోనీ. ఆ గది తలుపు కూడా పగలగొడితే అప్పుడు కర్ర ఎత్తండి, నేను కాదనను. కానీ అదే చివరిది. మనం దాన్నే మొదట పెట్టుకుంటున్నాం. అక్కడే నా పేచీ.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. ఇది నేను మా ఆవిడ దగ్గర నేర్చుకున్నా. అరుగు మీద జరిగింది ఇంటికొచ్చి చెప్తే ఆమె ఒకే మాట అడిగింది: "నువ్వు కల్లం దగ్గర కత్తి పెట్టుకుని పడుకుంటే ఇంట్లో నేనూ అత్తమ్మా ఉంటాం. మాకేం కొంటున్నారు?" నా దగ్గర జవాబు లేదు. ఇరవై మంది మగాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం గానీ, రాత్రిపూట ఇంట్లో ఉండేవాళ్లను ఒక్క మాట అడగలేదు. మెడ కోసుకుపోయింది కూడా ఆడమనిషికే.

ఆమె అడిగినవి ఏంటో తెలుసా? వరండా గ్రిల్లుకు లోపలి నుంచి తాళం. దొడ్లో లైటు. తెల్లారుజామున కూలికి పోయేటప్పుడు ఒంటరిగా కాకుండా నలుగురూ ఒకచోట కలిసి బయల్దేరడం. ఒక విజిల్. అంతే. గ్రిల్లు ఉంటే ఎవరు నీళ్లు అడిగినా, అడ్రసు అడిగినా సందులోంచే ఇవ్వొచ్చు. దాహం అన్నవాడికి నీళ్లు లేవనడం మన ఇళ్లలో చెయ్యం, చెయ్యొద్దు కూడా. కానీ గ్రిల్లు తీయక్కర్లేదు. ఒకవేళ గొలుసు పట్టుకుని లాగితే పెనుగులాడొద్దని మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. బంగారం మళ్లీ కొనుక్కోవచ్చు.

చదువుకునే ఆడపిల్లలు, పని నుంచి పొద్దుపోయి వచ్చేవాళ్లు పెప్పర్ స్ప్రే అడుగుతారు. కొనివ్వండి. మన దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేదు. మనం మిర్చి పండించేవాళ్లం, దాని సంగతి మనకు చెప్పక్కర్లేదు. తేజ కాయలో మంట పుట్టించే పదార్థమే అందులోనూ ఉండేది. అందుకే కల్లంలో మనకు తెలిసిన పాఠమే దానికీ వర్తిస్తుంది: గాలి తిరిగితే మన కళ్లే మండుతాయి. గాలికి ఎదురుగా కొట్టకూడదు. మూసి ఉన్న ఆటోలో, కారులో కొడితే అందరికీ తగులుతుంది. రెండు మూడు బారల దూరంలోనే పని చేస్తుంది. బ్యాగు అడుగున పుస్తకాల కింద ఉంటే లేనట్టే. చీకటి దారిలో నడిచేటప్పుడు చేతిలోనే ఉండాలి. కొన్న రోజే ఆరుబయట ఒకసారి కొట్టి చూడాలి. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, మనం పురుగుమందు డబ్బా మీద చూసినట్టే చూసి, తేదీ దాటితే మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, కొట్టాక నిలబడి చూడకూడదు, జనం ఉన్నవైపు పరిగెత్తాలి. గుప్పెడు కారం పొట్లం కట్టుకుంటే చాలదా అంటే, విప్పేసరికి ఆలస్యమైపోతుంది, గాల్లో మన మొహానే పడుతుంది. దాన్ని కూరలోకి ఉంచండి.

సీసీ కెమెరాలు పెట్టుకునేవాళ్లు పెట్టుకోండి. సిమ్ వేసే సోలార్ కెమెరాలు పొలంలో కూడా పని చేస్తాయి. కానీ కెమెరా దొంగను ఆపదు, చూపిస్తుంది. రీచార్జి అయిపోయిన కెమెరా అదీ చెయ్యదు. దాని కంటే ముందు నేనైతే ఫోన్‌తో మోటారు వేసే మొబైల్ స్టార్టరు కొంటా. రాత్రిపూట పొలానికి పోవడమే తగ్గిపోతుంది. పోని దారిలో పామూ లేదు, దొంగా లేడు.

ఇక ఏవి వద్దో చెప్తా. ఈ భాగం దాటెయ్యకండి.

కంచెకు కరెంటు తీగ పెట్టొద్దు. అడవి పందుల కోసం అని పెడతారు, దొంగల కోసం అని కూడా ఇప్పుడు కొందరు మాట్లాడుతున్నారు. ఆ తీగ పంది ఎవరో మనిషి ఎవరో చూడదు. తెల్లారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క పొలం రైతు, మేక కోసం వచ్చిన పిల్లవాడు, మర్చిపోయి అడుగేసిన సొంత కొడుకు, ఇలాంటి చావుల గురించి మనం ఏటా వింటూనే ఉన్నాం. పెట్టినవాడు జైలుకు పోతాడు, పోయినవాడు తిరిగిరాడు. సోలార్ కంచె వేరు. దాని యంత్రం సెకనుకోసారి క్షణకాలం కొట్టి వదిలేస్తుంది, భయపెడుతుంది గానీ పట్టుకుని ఉంచదు. దానికైనా కంపెనీ యంత్రమే వాడాలి, లైను కరెంటు నేరుగా తగిలించకూడదు.

నాటు తుపాకి, నాటు బాంబు ఇంటి ఛాయలకు రానివ్వొద్దు. పందికని పెట్టిన ఉండ గేదె నోట్లో పేలితే దాని బాధ చూడలేం. కత్తుల సంగతి కూడా చట్టంలో ఉంది. తొమ్మిది అంగుళాల కంటే పొడుగో, రెండు అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు, ఈటెలు ఆయుధాల కిందకే వస్తాయి. వంటకూ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. అంటే మన కొడవలి పొలంలో పనిముట్టు. అదే కొడవలి నడుముకు దోపుకుని తగాదాకు పోతే అది పనిముట్టు అని ఎవరూ ఒప్పుకోరు.

తగాదా అంటే గుర్తొచ్చింది. గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, మన ఊళ్లలో తలలు పగిలేది దొంగల వల్లా, గట్టు తగాదాల వల్లా? నా అరవై ఏళ్లలో నేను చూసిన రక్తం అంతా అన్నదమ్ముల మధ్య, వియ్యంకుల మధ్య, కాలవ నీళ్ల దగ్గర పారిందే. దొంగ కోసమని ఇరవై ఇళ్లలో ఇరవై కత్తులు పెడితే, ఆ దొంగ వస్తాడో రాడో గానీ, తాగి వచ్చిన రాత్రి, గట్టు జరిపిన పొద్దున ఆ కత్తి చేతికి అందుతుంది. అరుగు మీద ఈ మాట అనలేకపోయా. అక్కడ గట్టు తగాదా ఉన్నవాళ్లు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు మరి.

చట్టం ఏం చెప్తుందో కూడా కాస్త తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. మన ఒంటిని, పక్కవాడి ఒంటిని, మన ఆస్తిని కాపాడుకునే హక్కు మనకు ఉంది. రాత్రిపూట తలుపు పగలగొట్టుకుని ఇంట్లోకి వచ్చినవాడి మీద ఆ హక్కు చాలా దూరం పోతుంది. కానీ 37వ సెక్షన్ ఒక హద్దు గీసింది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే, దానికి మించి హాని చెయ్యకూడదు. పోలీసు సాయం తీసుకునే టైము ఉంటే ముందు అది తీసుకోవాలి. ప్రాణభయం లేని మామూలు కేబుల్ దొంగతనానికి మనిషి ప్రాణం తీసే హక్కు చట్టం ఎవరికీ ఇవ్వలేదు. దొంగను పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఆలస్యం చెయ్యకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పజెప్పాలి. చెట్టుకు కట్టేసిన తర్వాత కొట్టే ప్రతి దెబ్బా మన మీద కేసే.

2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పుట్టింది. ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా తిరిగాయి. ఆ ఊపులో తెలంగాణలో ఏ పాపం తెలియనివాళ్లను కొట్టి చంపేశారు. వాళ్లను కొట్టినవాళ్లు రౌడీలు కాదు, మనలాంటి వాళ్లే. పిల్లల మీద ప్రేమతో, భయంతో బయటికొచ్చినవాళ్లే. కాపలా తిరగండి, కానీ కనపడిన కొత్త మనిషిని ముందు పేరు అడగండి, కూర్చోబెట్టండి, 112కి ఫోన్ చెయ్యండి. పిచ్చివాడు, బిచ్చగాడు, దారి తప్పినవాడు, వాళ్లకు కూడా ఒక ఇల్లు ఉంటుంది.

ఇప్పుడు నా లెక్క. ఇరవై మంది, పదిహేను వందలు, ముప్పై వేలు. ఆ ముప్పై వేలతో కల్లాల దగ్గర, కాలవ వంతెన దగ్గర నాలుగు సోలార్ లైట్లు వేద్దాం. ఇరవై ఇళ్లకు ఇరవై విజిళ్లు ఆరేడు వందలతో వస్తాయి. టార్చి లేని ఇళ్లకు టార్చి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లు మా ఊళ్లో నాలుగున్నాయి, వాళ్ల పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు. ముందు ఆ నాలుగిళ్లకు గడియలు మార్పిద్దాం. కాయ కల్లంలో ఉన్నంతకాలం రాత్రికి నలుగురు చొప్పున వంతులేసుకుందాం. ఆ నలుగురి పేర్లు సాయంత్రమే గ్రూపులో పెడదాం. అప్పుడు ఎవరైనా పట్టా లాగితే మనవాడో కాదో తెలుస్తుంది. ఇనప సామాను ఎవరి కొట్లో వాళ్లు కొనుక్కుని దాచుకునేది. ఇది ఊరంతా కలిస్తేనే అయ్యేది. కేబుల్ కోసినవాడు ఎక్కడివాడో ఇంకా తెలియలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అందుకైనా ఒకరి మీద ఒకరి కన్ను ఉండటం మంచిదే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా ఈ రాత్రికి మూడు పనులు చెయ్యండి. టార్చి చార్జింగ్ పెట్టండి. గడియ మరలు చేత్తో కదిలించి చూడండి. మంచం పక్కన గొడ్డలో కత్తో ఉంటే తీసి కొట్టంలో పెట్టండి, ఆ జాగాలో టార్చి పెట్టండి.

ఈ పోస్టు పెట్టే ముందు మా అన్న కొడుక్కి ఫోన్ చేసి అడిగా, ఆ రాత్రి సంగతి రాయమంటావా అని. "రాయి బాబాయ్, అయితే ఆ మంచం మాత్రం ఇక పారెయ్" అన్నాడు. పారెయ్యను. అరుగు మీద నవ్విన కుర్రాళ్లు ఎవరైనా సరే ఇంటికి రండి, ఆ గాటు చూపిస్తా. చూసి అప్పుడు కూడా కత్తే కావాలంటే మీ ఇష్టం.

మీ ఊళ్లో ఏం చేస్తున్నారో, దేనివల్ల ఉపయోగం కనపడిందో రాయండి. నేను తప్పు చెప్పుంటే అది కూడా చెప్పండి. ఉంటా మరి, కల్లానికి పోయే టైమయింది.